ఆదా ఖజానాలోనా, కూలీ చేతిలోనా? ప్రభుత్వ ఖర్చులో సాంకేతికత చేసే పని

క్లుప్తంగా: సంక్షేమ పథకాల్లో సాంకేతికత తెస్తే ప్రభుత్వ ఖర్చు తగ్గుతుందా అన్నది ఒక ప్రశ్న. పేదల చేతికి చేరేది పెరుగుతుందా అన్నది మరో ప్రశ్న. వేలిముద్ర యంత్రం ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీల రాబడిని పెంచింది. అదే తరహా యంత్రం జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో అక్రమాలను సగటున తగ్గించలేకపోయింది, కొందరి బియ్యాన్ని మాత్రం ఆపింది. యంత్రాన్ని చెల్లింపుల గొలుసులో ఎక్కడ బిగించారు, అది పనిచేయని రోజున మనిషికి మరో దారి ఉంచారా అన్న రెండు విషయాలే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి.

'ఆదా' అనే మాటలో ఏమేం కలిసి ఉంటాయి

నేరుగా నగదు బదిలీ వల్ల మొత్తం 3.48 లక్షల కోట్ల రూపాయలు ఆదా అయ్యాయన్న అంచనాను 2025లో కేంద్ర ప్రభుత్వం ప్రచారంలోకి తెచ్చింది. ఇంత పెద్ద అంకె వింటే సహజంగానే ఒక సందేహం వస్తుంది. ఆ డబ్బు అంతకుముందు ఎవరికి పోయేది? ఇప్పుడు ఎక్కడుంది?

ఇలాంటి లెక్కలు ఎక్కువగా ఒకే పద్ధతిలో వేస్తారు. జాబితాలోంచి ఎన్ని పేర్లు తీసేశారో చూసి, ఒక్కో పేరు మీద ఏటా వెళ్లే మొత్తంతో గుణిస్తారు. తీసేసిన పేర్లలో చనిపోయినవాళ్లు, రెండు చోట్ల నమోదైనవాళ్లు, అసలు పుట్టనే పుట్టనివాళ్లు ఉంటారు. ఆధార్ సంఖ్యలో ఒక అంకె తప్పు పడినవాళ్లు, ఈ-కేవైసీ జరిగిన నెలలో వలస పనికి పోయి ఊళ్లో లేనివాళ్లు, పుట్టిన తేదీ రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉన్నవాళ్లు కూడా వాళ్లతోపాటే జాబితా నుంచి పోతారు. ఖజానా పద్దులో అంతా ఆదా కిందికే వస్తుంది. బోగస్ పేరు పోతే ఏ ఇంటికీ నష్టం లేదు. అసలైన పేరు పోతే ఒక ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కాల్సిన బియ్యం ఆగిపోతుంది.

ఇంకో రకం మేలు ఉంది. అది ఈ లెక్కలో అసలు కనిపించదు. ఖజానా నుంచి వెళ్లే డబ్బు ఒక్క రూపాయి కూడా తగ్గదు, కానీ నడుమ చేతుల్లో ఆగిపోయేది తగ్గి కూలీకి అందేది పెరుగుతుంది. బడ్జెట్ ప్రసంగంలో చెప్పుకోవడానికి ఇందులో ఆదా అంకె ఏదీ ఉండదు. ఆర్థికవృద్ధి మీద ఎక్కువ ప్రభావం చూపేది మాత్రం ఈ మేలే. దానికి ఆధారాలు కింద వస్తాయి.

డబ్బు నడిచే దారి

ఎక్కడ కారుతుందో తెలియాలంటే ముందు గొట్టం ఎలా వేశారో చూడాలి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. ఊళ్లలో 'కరువు పని' అని పిలిచే ఈ పనిలో కూలి కూలీకి చేరేందుకు ఏళ్లతరబడి స్థిరపడిన దారి ఇలా ఉంటుంది. కూలీ పని అడుగుతాడు. మస్టర్, అంటే హాజరు పట్టిక తయారవుతుంది. కూలీల గుంపుకు పెద్దగా ఉండే మేట్ రోజూ హాజరు వేస్తాడు. వారం చివర టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి తవ్విన మట్టిని కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు. మండల కార్యాలయంలో హాజరునూ కొలతలనూ కంప్యూటర్‌కు ఎక్కించి వేతన జాబితా తీస్తారు. దాని మీద ఎఫ్‌టీఓ, అంటే నిధుల బదిలీ ఉత్తర్వు తయారవుతుంది. దానికి ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలు పడాలి. అక్కడి నుంచి కేంద్రం నడిపే చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌కు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి, బ్యాంకుకు, చివరికి ఖాతాకు వెళ్తుంది. ఖాతాలో పడిన డబ్బు చేతికి రావాలంటే బ్యాంకుకో, ఊళ్లో వేలిముద్ర యంత్రం పట్టుకున్న బ్యాంక్ మిత్ర దగ్గరికో పోవాలి.

ఒక్కో మలుపులో ఒక్కో రకం నష్టం. మస్టర్ దగ్గర లేని మనిషి పేరు రాయవచ్చు. కొలతల దగ్గర నాలుగు రోజుల పనిని ఆరు రోజులుగా చూపవచ్చు. సంతకాల దగ్గర కాగితం వారాల తరబడి ఆగవచ్చు. చేతికిచ్చే దగ్గర వందకు పది కోసుకోవచ్చు. పంచాయతీకి ముందే అడ్వాన్సు పంపే పద్ధతిలో డబ్బు ఖాతాలో ఊరికే కూర్చోవచ్చు. ఈ చివరిది దొంగతనంలా కనిపించదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 10,000 కోట్లు మూడు నెలలు అలా ఉండిపోయాయనుకుందాం. ప్రభుత్వం 7 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకుంటోందనుకుందాం. ఆ మూడు నెలలకే 175 కోట్లు వడ్డీ కింద పోతాయి.

ఆలస్యానికి ఆ 2005 చట్టం కింద పరిహారం పెట్టారు. మస్టర్ మూసిన 15 రోజుల్లో కూలి రాకపోతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం. 3,000 రూపాయలు రావాల్సిన కూలీకి రోజుకు రూపాయిన్నర పడుతుంది. ఎరువుల కొట్లోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో తెచ్చిన అప్పుకు కట్టే వడ్డీతో పోలిస్తే ఇది ఏ మూలకూ చాలదు.

సాంకేతికతను ఈ దారిలో ఏ మలుపు దగ్గర పెట్టారన్నదాన్ని బట్టి అది ఏ నష్టాన్ని ఆపగలదో తేలిపోతుంది. కొలతల్లో మోసం వేలిముద్ర యంత్రానికి కనిపించదు. చేతికిచ్చేటప్పుడు కోసుకునేది డిజిటల్ సంతకానికి కనిపించదు. మూడు రాష్ట్రాల అనుభవం పక్కపక్కన పెడితే ఇది స్పష్టపడుతుంది.

ఆంధ్రప్రదేశ్: చేతికిచ్చే చోట యంత్రం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి ఎక్కువగా బ్రాంచి పోస్టాఫీసుల ద్వారా వచ్చేది. పోస్టాఫీసు దూరంగా ఉండటంతో పాస్‌బుక్కులు ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరో, మరో పెద్దమనిషి దగ్గరో ఉండిపోయేవి. డబ్బు తెచ్చి పంచేవాడు ఎంత ఇస్తే అంతే కూలి. ఈ చోటే స్మార్ట్‌కార్డులు తెచ్చారు. జిల్లాకో బ్యాంకు, దాని కింద ఒక సాంకేతిక సంస్థ, దాని కింద ఊళ్లో ఒక మహిళ. ఎక్కువచోట్ల ఆమె డ్వాక్రా సంఘ సభ్యురాలు, చదవడం రాయడం వచ్చినామె. చేతిలో పట్టే యంత్రంతో కార్డునూ వేలిముద్రనూ సరిచూసి అక్కడికక్కడే డబ్బు ఇచ్చేది.

దీని ఫలితాలు గట్టిగా తెలియడానికి ఒక కారణం ఉంది. 2010 నుంచి 8 జిల్లాల్లోని 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, ఏ మండలానికి ముందు కార్డులివ్వాలో ఏ మండలానికి తర్వాత ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. 112 మండలాలకు ముందు వచ్చాయి, 45 ఆగాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు రెండు గుంపులనూ పోల్చి 2016లో ఫలితాలు ప్రచురించారు. ముందు వానలు బాగా పడిన జిల్లా, మంచి కలెక్టరు ఉన్న జిల్లా లాంటి తేడాలు ఈ పోలికలో అడ్డురావు.

కార్డులు వచ్చిన మండలాల్లో కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఐదో వంతు తగ్గింది. పని చేశాక డబ్బు అందడంలో ఆలస్యం దాదాపు 30 శాతం తగ్గింది. ఇంటికి వచ్చే ఉపాధి కూలి 24 శాతం పెరిగింది. ప్రభుత్వం విడుదల చేసిన మొత్తం మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. నడుమ కారిపోయేది 41 శాతం తగ్గడం వల్ల వచ్చిన పెరుగుదల ఇది. కూలీలకు మిగిలిన సమయానికి విలువ కడితేనే కార్యక్రమానికి అయిన ఖర్చుకు సరిపోయింది. కారడం ఆగిన డబ్బు ఆ పైది.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. మొదటిది, రెండేళ్లు గడిచాక కూడా సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. కార్డు రానివాళ్లకూ వేలిముద్ర పడనివాళ్లకూ పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం ఆపలేదు. ఆ వెసులుబాటు వల్ల కొంత మోసం మిగిలింది. లేని మనుషుల పేర్లు పెద్దగా తగ్గలేదు, ఉన్న కూలీ పేరు మీద ఎక్కువ రాసుకోవడమే ప్రధానంగా తగ్గింది. కానీ అసలైన కూలీలు పథకం నుంచి బయట పడిపోయిన దాఖలా కనిపించలేదు. రెండోది, వేలిముద్రను కార్డులోనో యంత్రంలోనో ఉన్న ముద్రతో అక్కడికక్కడే పోల్చేవారు. సిగ్నల్ లేని తండాలో కూడా పని ఆగేది కాదు.

మరో విషయం పాలనకు సంబంధించింది. ఇంత ఫలితం ఇచ్చిన పద్ధతిని 2013లో ఎత్తేసే దాకా ఆలోచన వెళ్లింది. కింది స్థాయి నుంచి పైకి వచ్చే ఫిర్యాదులు అలా ఉన్నాయి. కోసుకునే అవకాశం పోయినవాళ్లకు పైఅధికారి దగ్గరికి వెళ్లే దారి ఉంటుంది. లాభపడిన లక్షల మంది కూలీలు సమీక్ష సమావేశంలో కూర్చోరు. సర్వేలో ఉపాధి కూలీల్లో 90 శాతం మంది కార్డులే కావాలన్నారని తెలిశాక ఆ ఆలోచన ఆగింది. లబ్ధిదారును నేరుగా అడిగే ఏర్పాటు లేని ప్రభుత్వం మంచి సంస్కరణను కూడా పొరపాటున చంపుకోగలదు.

బీహార్: ఖజానా వైపు యంత్రం

2012 సెప్టెంబరు నుంచి 2013 మార్చి వరకు బీహార్‌లో ఇదే ఉపాధి పథకంలో వేరే మలుపును పట్టుకున్నారు. అంతవరకు పంచాయతీకి ముందుగా అడ్వాన్సు వచ్చేది. అందులో చాలావరకు ఖర్చయిందని ధ్రువపత్రం పంపితే మళ్లీ డబ్బు వచ్చేది. ఎవరికి ఎంత ఇచ్చారన్న వివరం తర్వాత ఎప్పుడో కంప్యూటర్‌కు ఎక్కేది, ఒక్కోసారి ఎక్కేదే కాదు. కొత్త పద్ధతిలో అడ్వాన్సు ఎత్తేశారు. పంచాయతీ ముందు కూలీల పేర్లు, మొత్తాలు నమోదు చేయాలి. అప్పుడు ఆ మేరకే డబ్బు దిగుతుంది.

అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తల అధ్యయనం ప్రకారం పథకం ఖర్చు 24 శాతం తగ్గింది. పని దొరకడం తగ్గలేదు, కొద్దిగా పెరిగింది కూడా. అధికారిక జాబితాలో బోగస్ కుటుంబాలు తగ్గాయి. పథకంతో సంబంధమున్న అధికారులు ప్రకటించే వ్యక్తిగత ఆస్తులు 10 శాతం తగ్గాయి. దేశమంతా ఈ పద్ధతిని విస్తరించాక ఖర్చు 19 శాతం తగ్గి, ఆ తగ్గుదల నిలిచింది.

అయితే కూలీకి డబ్బు అందడంలో ఆలస్యం పెరిగింది. పేర్లు నమోదు చేయాలంటే కంప్యూటర్, కరెంటు, ఇంటర్నెట్ ఉన్న బ్లాక్ (మన మండలం లాంటిది) కార్యాలయానికి రావాలి. పంచాయతీ చేతిలో ముందస్తు డబ్బు లేకపోవడంతో ఆ ఒక్క మెట్టు ఆగితే అంతా ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో లాభమంతా కూలీకి పోయింది, ఖజానాకు మిగిలింది లేదు. బీహార్‌లో లాభం ఖజానాకు చేరింది, కూలీకి ఎదురుచూపు మిగిలింది. రెండూ విజయాలే. రెండింటినీ ఒకే 'డిజిటల్ సంస్కరణ' ఖాతాలో రాస్తే మాత్రం ఏది ఎవరికి మేలు చేసిందో తెలియకుండా పోతుంది.

జార్ఖండ్: గడప దగ్గర యంత్రం

2016 నుంచి జార్ఖండ్‌లో రేషన్ తీసుకోవాలంటే ఆధార్ వేలిముద్ర సరిపోవాలన్న నిబంధన దశలవారీగా తెచ్చారు. 132 బ్లాకుల్లో ఇక్కడా లాటరీ పద్ధతిలో పరిశీలన జరిగింది. పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసినవాళ్లే. సగటున అక్రమాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆధార్ ముందుగా అనుసంధానం చేసుకోని కుటుంబాలకు అందే సరుకుల విలువ సుమారు 10 శాతం పడిపోయింది. ఆ కుటుంబాల్లో 2.8 శాతానికి సరుకులే అందలేదు.

ఎందుకిలా? రేషన్‌లో బోగస్ మనిషి కన్నా తూకంలో కోత పెద్ద సమస్య అయిన చోట వేలిముద్రతో ఒరిగేది తక్కువ. 35 కిలోలకు వేలు పెట్టించుకుని 32 కిలోలు పోసే డీలరును ఏ సెన్సరూ పట్టుకోదు. దొంగతనం జరిగే మలుపు ఒకటి, యంత్రం బిగించిన మలుపు ఇంకొకటి.

2017లో ఇంకో అడుగు వేశారు. యంత్రంలో నమోదైన అమ్మకాలను బట్టి డీలరు దగ్గర ఎంత నిల్వ మిగిలి ఉండాలో లెక్కగట్టి, ఆ మేరకు కొత్త సరఫరా తగ్గించారు. అప్పుడు అక్రమాలు బాగా తగ్గాయి. ప్రజలకు అందే సరుకూ గణనీయంగా తగ్గింది. డీలర్లు అంతకుముందే అమ్ముకున్న పాత నిల్వ కాగితాల మీద అలాగే ఉంది. ఆ లోటును కార్డుదారుల మీదికి నెట్టారు. పాత బాకీని ఒక తేదీ దగ్గర గీత గీసి మాఫీ చేసో, డీలరు నుంచి విడిగా వసూలు చేసో ఈ అడుగు వేసి ఉంటే నష్టం తగ్గేది. మంచి పనిముట్టు కూడా లెక్క మొదలుపెట్టే తేదీ తప్పితే హాని చేస్తుందనడానికి ఇది నిదర్శనం.

వేలిముద్ర ఎందుకు పడదు, సగటు ఎందుకు మోసం చేస్తుంది

సున్నం, సిమెంటు, ఉప్పు, ఇటుక పనుల్లో ఉండేవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. వయసు మీదపడితే చర్మం పొడిబారి గీతలు పలచబడతాయి. సెన్సరు అద్దం మీద జిడ్డు, దుమ్ము పేరుకుంటే మంచి వేలు కూడా పడదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా సిగ్నల్ ఉండాలి, సర్వర్ పలకాలి, ఆధార్ సంఖ్య సరైన కార్డుకు కలిసి ఉండాలి.

ఉదాహరణకు ఇలాంటి నాలుగు మెట్లు ఉన్నాయనీ, ఒక్కోటి నూటికి 97 సార్లు పనిచేస్తుందనీ అనుకుందాం. విడివిడిగా చూస్తే ప్రతి మెట్టూ బాగానే పనిచేస్తోందని ఆ విభాగం అధికారి నివేదిక రాస్తాడు. నాలుగూ వరుసగా దాటేవాళ్లు 88 మందే. పదకొండు, పన్నెండు మంది వెనక్కి పోతారు. ఏ విభాగం నివేదికలోనూ వాళ్లు కనిపించరు.

అసలు సమస్య ఇంకా లోతుగా ఉంది. విఫలమయ్యేది ప్రతినెలా వేర్వేరు మనుషులు కారు. వేళ్లు అరిగిన అదే ముసలమ్మ, సిగ్నల్ అందని అదే తండా. నూటికి 95 లావాదేవీలు సఫలం అన్న అంకె వెనక, అందరికీ ఇరవై నెలల్లో ఒకసారి ఇబ్బంది కలుగుతుండవచ్చు, లేదా ఐదుగురికి ఏడాది పొడవునా ఏమీ అందకపోతుండవచ్చు. అంకె ఒకటే. అందుకే లావాదేవీల శాతం కాక, వరుసగా రెండు నెలలు ఏమీ తీసుకోని మనుషుల జాబితా చూడాలి. వాళ్లకు వేరే దారులు ఉండాలి: కనుపాపను గుర్తించే ఐరిస్ యంత్రం, ఫోన్‌కు ఓటీపీ, ముఖ గుర్తింపు, ఇంట్లో వేరొకరిని నామినీగా పెట్టడం, ఇవేవీ కుదరకపోతే సంతకం తీసుకుని రిజిస్టర్‌లో రాసి ఇవ్వడం. ఈ చివరి దారి కాగితం మీద చాలాచోట్ల ఉంటుంది. దాన్ని వాడిన ఉద్యోగిని సంజాయిషీ అడుగుతారన్న భయం ఉంటే అది లేనట్టే.

ఖాతా నంబరుకు కాదు, ఆధార్ నంబరుకు

పాఠకులను ఎక్కువగా తికమక పెట్టేది ఇది. ఆధార్ ఆధారిత చెల్లింపులో ప్రభుత్వం డబ్బును ఖాతా నంబరుకు పంపదు. ఎన్‌పీసీఐ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అందులో ఫలానా ఆధార్ ఫలానా బ్యాంకుకు కలిసి ఉందని మాత్రమే రాసి ఉంటుంది. డబ్బు ఆ బ్యాంకుకు చేరాక, అక్కడ ఆ ఆధార్‌తో కలిపిన ఖాతాలో పడుతుంది. చివరిసారి ఏ బ్యాంకులో అనుసంధానానికి ఒప్పుకుంటే పట్టికలో ఆ బ్యాంకే ఉంటుంది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఒక గడిలో టిక్ పెడితే పాత ఖాతాకు వచ్చే కూలి కొత్త ఖాతాకు మళ్లిపోవచ్చు. డబ్బు రాలేదని కూలీ అనుకుంటాడు, కంప్యూటర్ జమ అయిందని చూపుతుంది. ఇద్దరిదీ నిజమే.

తిరస్కరణకు కారణంగా 'ఇన్‌యాక్టివ్ ఆధార్' అని వస్తే ఆధార్ రద్దయిందని కంగారుపడి ఆధార్ కేంద్రాలకు తిరుగుతారు. సాధారణంగా దాని అర్థం ఆ పట్టికలో బ్యాంకు అనుసంధానం తెగిందనే. బాగుచేయాల్సింది బ్యాంకు శాఖలో. మైఆధార్ పోర్టల్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' తెరిస్తే ఏ బ్యాంకు కలిసి ఉంది, అది పనిచేస్తోందా లేదా తెలుస్తుంది. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు నిద్రాణ ఖాతాగా పక్కన పెడుతుంది కాబట్టి దాన్నీ సరిచూసుకోవాలి.

ఖాతా నంబరుకు పంపే పద్ధతికీ దాని చిక్కులున్నాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక, ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు యూబీఐఎన్‌తో మొదలయ్యేవిగా మారాయి. ఇలాంటి మార్పు జరిగినప్పుడు పథకం డేటాబేస్‌లో పాత కోడ్ దిద్దకుండా ఉండిపోతే, గడువు దాటాక చెల్లింపు వెనక్కి వస్తుంది. కూలీ పాస్‌బుక్కులో దీని జాడే ఉండదు.

వృద్ధికి దారి ఎక్కడ

ఉపాధి కూలి సక్రమంగా అందితే ఒక ఇంటికి కొంత డబ్బు పెరుగుతుంది, అంతకుమించి ఏముంది అనిపించవచ్చు. స్మార్ట్‌కార్డు మండలాల మీద అదే పరిశోధకులు 2023లో ప్రచురించిన రెండో అధ్యయనం ఇందుకు జవాబిస్తుంది. లబ్ధి కుటుంబాల మొత్తం రాబడి 14 శాతం పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది. పెరిగిన రాబడిలో 86 శాతం ఉపాధి పథకం నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది.

ఇది ఎలా జరిగిందంటే, వారం తర్వాతో నెల తర్వాతో ఎంత వస్తుందో తెలియని ఉపాధి కూలి కన్నా సాయంత్రానికి చేతిలో పడే తక్కువ కూలి నయమని పేదవాడు అనుకుంటాడు. ఉపాధి కూలి కచ్చితంగా, త్వరగా వస్తుందని నమ్మకం కుదిరితే ఆ తక్కువ కూలికి ఒప్పుకోడు. పొలంలో కూలి రేటు పెరుగుతుంది. రేటు పెరిగితే పని దొరకడం తగ్గాలన్నది మామూలు సూత్రం. ఇక్కడ బయటి పనీ పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఇంకా ఎక్కువ పెరిగింది. ఊళ్లో పని ఇచ్చేది నలుగురైదుగురే అయితే వాళ్లు కూలిని తక్కువ దగ్గరే నిలబెట్టగలరు. కూలీకి మరో దారి కనిపిస్తే ఆ పట్టు సడలుతుంది.

కూలీల చేతిలో డబ్బు ఆడడంతో వ్యవసాయేతర చిన్న వ్యాపారాల సంఖ్య, వాటిలో పనిచేసేవాళ్ల సంఖ్య వేగంగా పెరిగాయి. దీని భారం ఎవరి మీద పడిందో కూడా చెప్పాలి. భూమి మీద వచ్చే రాబడి తగ్గింది. ఉపాధి పనుల వల్ల నాట్లకు, కలుపుకు మనుషులు దొరకడం లేదన్న రైతుల మాటలో ఆ మేరకు వాస్తవం ఉంది. ఎకరం రెండెకరాల రైతు ఒక సీజన్‌లో కూలీ పెట్టుకుంటాడు, మరో సీజన్‌లో తానే కూలికి పోతాడు. లాభనష్టాలు రెండూ అతని ఇంట్లోనే కలుస్తాయి.

కెన్యా అనుభవం వేరే దారిలో ఇక్కడికే వస్తుంది. 2007 మార్చిలో మొదలైన ఎం-పెసా అనే ఫోన్ డబ్బు 1,94,000 కుటుంబాలను, అంటే దేశంలోని ఇళ్లలో 2 శాతాన్ని, పేదరికం దాటించిందని 2016లో తవ్నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. వాళ్లు కొలిచింది ఇంటికి దగ్గర్లో ఎందరు ఏజెంట్లు ఉన్నారన్నదాని ప్రభావాన్ని. ఫోన్ అందరి దగ్గరా ఒకటే. నోటు మార్చి ఇచ్చే మనిషి నడక దూరంలో ఉన్నాడా లేదా అన్నది తేడా తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళ చేసిన పని అదే.

కొన్నిసార్లు ఫోన్ కాల్ చాలు

2018 మేలో తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు చెక్కుల పంపిణీ జరిగినప్పుడు 57 లక్షల మంది రైతులున్న పథకంలో ఒక చిన్న పరీక్ష చేశారు. లాటరీలో వచ్చిన మండలాల వ్యవసాయ అధికారులకు ఒక్క మాట చెప్పారు: చెక్కు అందిందా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతాం. ఆ మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికి అయిన ఖర్చు 3.6 పైసలు. యుగాండాలో 1991-95 మధ్య బడులకు వెళ్లాల్సిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే చేరేది. ప్రతి జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో అచ్చువేయడం మొదలయ్యాక, 2001 నాటికి అది 80 శాతం దాటింది. ఇతర సంస్కరణలూ తోడయ్యాయి కాబట్టి మొత్తం ఘనత పత్రికలదే అనలేం.

నిఘా యంత్రం ఒక్కటే ఉంటే ఏమవుతుందో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా చూపింది. నర్సుల హాజరుకు తేదీ, సమయం ముద్రించే యంత్రాలు పెట్టారు. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. 16 నెలలకు యంత్రం ఉన్న కేంద్రాలకూ లేని కేంద్రాలకూ తేడా పోయింది. యంత్రాలు చెడిపోవడం కన్నా పెద్ద కారణం, ఆ రోజు నర్సుకు మినహాయింపు ఉందని పైఅధికారులు రాసిచ్చిన రోజులు పెరగడం. ఉపాధి పనుల్లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసే యాప్‌ను 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని 2025లో కేంద్ర మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు రాసింది. ఫొటో ఎక్కిందా అని కంప్యూటర్ చూస్తుంది. అందులో ఏముందో చూడటానికి మనిషి కావాలి.

టెండర్లలో ఫలితం ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్ల పద్ధతి మొదలుపెట్టింది. భారత్, ఇండోనేషియాల్లో ఈ పద్ధతిని పరిశీలించిన అధ్యయనంలో పనుల ధర తగ్గిన ఆధారం దొరకలేదు. మన దగ్గర రోడ్ల నాణ్యత పెరిగింది, ఇండోనేషియాలో పనుల ఆలస్యం తగ్గింది. బయటి ప్రాంతాల నుంచి మెరుగైన కాంట్రాక్టర్లు పోటీకి రావడం కారణం. ధరలో ఆదా కోసమే వెతికితే ఈ సంస్కరణ విఫలమైందని రాయాల్సి వచ్చేది.

బడ్జెట్‌లో చోటు దొరకని పద్దులు

యంత్రాల కొనుగోలుకు ఒకేసారి డబ్బు మంజూరవుతుంది. ఆ తర్వాత ప్రతినెలా అయ్యేవి బ్యాటరీ, రసీదు కాగితపు చుట్ట, సిమ్ డేటా, సెన్సరు మార్పిడి, ఊళ్లో యంత్రం పట్టుకునే మనిషి కమిషన్. వీటికి విడి పద్దు లేకపోతే రెండో ఏట నుంచి సమస్యలు మొదలవుతాయి. కమిషన్ ఒక్కదాన్నే చూద్దాం. స్మార్ట్‌కార్డుల కాలంలో చెల్లింపుల మీద 2 శాతం ఇచ్చేవారు. వేసవిలో ఊళ్లో నెలకు 5 లక్షల కూలి పంచితే 10,000 వస్తుంది. వానలు పడి పనులు ఆగాక చెల్లింపులు 50,000కు దిగితే 1,000 వస్తుంది. బ్యాంకు, సాంకేతిక సంస్థ వాటాలు పోగా ఆ మహిళకు మిగిలేది ఇంకా తక్కువ. ఆమె వేరే పనికి పోతుంది. మళ్లీ వేసవి వచ్చేసరికి యంత్రం ఉంటుంది, నడిపే మనిషి ఉండదు. నెలకు కొంత స్థిరమైన మొత్తం, దాని మీద కమిషన్ కలిపి ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇంకో పద్దు వైఫల్యాల నమోదు. వేలిముద్ర పడక, సర్వర్ పలకక వెనుదిరిగినవాళ్ల పేర్లు ప్రతి గ్రామంలో నెలనెలా రాసి, పంచాయతీ గోడ మీద అంటించి, సామాజిక తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లేటప్పుడు ఆ జాబితాను చేతికివ్వాలి. ఉపాధి హామీ సామాజిక తనిఖీల కోసం ఆంధ్రప్రదేశ్ 2009లోనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. మస్టర్‌లో ఉన్న పేర్లను ఇంటికి వెళ్లి సరిచూసే అలవాటు ఆ బృందాలకు ఉంది. జాబితాలోంచి జారిపోయిన పేర్లనూ అవే బృందాలు అదే నడకలో అడిగి రాగలవు.